హెడ్డు ప్యాకింగ్: బిగువు లెక్క

మే నెల, మిట్ట మధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి కర్నూలు పోతున్న డీజిల్ టాక్సీ ఒకటి శాఖాపూర్ టోల్‌ప్లాజా దాటి కొత్తకోట వైపు వస్తోంది. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆఖరి నంబరు మీద ఉంది. టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి ఎక్కింది. డ్రైవర్ చూశాడు కానీ ఆపలేదు. కాసేపటికి ముల్లు తనంతట తానే కిందికి దిగింది. 'సల్లబడ్డది' అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ఊరు చేరేలోపే ఇంజన్ కొట్టుకోవడం మొదలైంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

44వ నంబరు జాతీయ రహదారి మీద, పాత లెక్కలో 7వ నంబరు రోడ్డు మీద, ఎండాకాలంలో ఇలాంటి బండ్లు షెడ్డులకు వస్తూనే ఉంటాయి. ఉస్తాద్ బానెట్ ఎత్తి, వాసన చూసి, "ప్యాకింగ్ పోయిందన్నా, హెడ్డు దించాలె" అంటాడు. డ్రైవర్ ముల్లు ఎక్కడాన్ని గురించి చెబుతాడు. దిగడాన్ని గురించి మాత్రం ఎవరూ అడగరు. ఎక్కువ నష్టం జరిగింది ముల్లు దిగిన తర్వాతే.

ముల్లును నడిపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నీళ్ల వేడి చెప్పగలదు. నీళ్లు మరిగి బయటికి పోయాక దాని చుట్టూ మిగిలేది ఆవిరీ గాలీ. అవి లోహం నుంచి వేడిని నీళ్లంత గట్టిగా మోసుకురాలేవు. సెన్సర్ తనకు తగిలింది చెబుతుంది, ముల్లు దిగుతుంది, ఆ పక్కనే అల్యూమినియం మాడుతూ ఉంటుంది.

నీళ్లు అంత త్వరగా ఎలా ఖాళీ అవుతాయి? ఇంజన్‌లో కాలే డీజిల్ శక్తిలో, మోటు లెక్కకు, మూడో వంతు చక్రాలకు పోతుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలింది నీళ్లలోకి, లోహంలోకి చేరుతుంది. హైవే మీద ఏసీతో సాగే చిన్న కారు ఇంజన్ 20 కిలోవాట్ల పని చేస్తోందనుకుంటే, రేడియేటర్ బయటికి తోసేయాల్సిన వేడి కూడా సుమారు అంతే. అంటే 2 కిలోవాట్ల గీజర్లు పది ఏకధాటిగా నడుస్తున్నట్టు. మరిగే నీటిలో ఒక లీటరును ఆవిరిగా మార్చడానికి 2.26 మెగాజౌళ్లు కావాలి. 20 కిలోవాట్ల వేడికి అది రెండు నిమిషాల లోపు పని. చిన్న కారులో కూలెంట్ మొత్తం ఐదారు లీటర్లే. 'ఇంకో ఐదు కిలోమీటర్లే కదా' అనే మాట ఎంత ఖరీదైనదో ఈ లెక్క చెబుతుంది.

ఇక ప్యాకింగ్ సంగతి. ఇంజన్‌ను అడ్డంగా రెండు ముక్కలుగా ఊహించుకుంటే, కింద ముక్క బ్లాకు. పిస్టన్లు ఆడే బోర్లు అందులోనే ఉంటాయి. పై ముక్క హెడ్డు. వాల్వులు, ఇంజెక్టర్లు అక్కడ ఉంటాయి. రెండింటి మధ్య పరిచే రేకు హెడ్ గ్యాస్కెట్, షెడ్డు భాషలో ప్యాకింగ్. ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందం ఉండే ఈ రేకు మూడు రకాల పదార్థాలను ఒకదానితో ఒకటి కలవకుండా ఆపాలి. బోరులో 2,000 డిగ్రీలు దాటిన మంట ఉంటుంది. దానికి వేలెడు దూరంలో నీళ్ల దారి ఉంటుంది. ఆ పక్కనే ఒత్తిడితో పైకెక్కే ఇంజన్ ఆయిల్ ఉంటుంది.

ఒత్తిడి ఎంతో చూద్దాం. మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, బోరు వ్యాసం 68.5 మి.మీ. పెట్రోలు మండిన క్షణాన లోపల సుమారు 50 వాతావరణాల ఒత్తిడి పుడుతుంది. బోరు వైశాల్యం 37 చదరపు సెంటీమీటర్లకు దగ్గర కాబట్టి, హెడ్డును పైకి తోసే బలం 1,800 కిలోలు దాటుతుంది. డీజిల్‌కు వస్తే లెక్క మారిపోతుంది. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా లాంటి బండ్లలో ఏళ్ల తరబడి తిరిగిన ఫియట్ 1,248 సీసీ ఇంజన్ బోరు 69.6 మి.మీ. ఒత్తిడి 150 వాతావరణాలు అనుకుంటే, ఒక్కో సిలిండర్‌లో ఐదున్నర టన్నులకు పైగా బలం పుడుతుంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు 20 సార్లకు పైగా ఈ దెబ్బ కొడుతుంది. ప్రతి దెబ్బకూ హెడ్డు మైక్రాన్ల లెక్కలో పైకి లేచి మళ్లీ కూర్చుంటుంది. అలా లేచిన సందును కూడా ప్యాకింగ్ మూసే ఉంచాలి.

దీన్ని ఆపేది జిగురు కాదు, రబ్బరు కాదు, నొక్కుడు. ప్యాకింగ్ మార్చడం అంటే కొత్త రేకు వేయడం అని చాలామంది అనుకుంటారు. రేకు దుకాణంలో దొరుకుతుంది. దుకాణంలో దొరకనిది ఆ రేకు మీద అంగుళం అంగుళానికీ సమానంగా పడాల్సిన నొక్కుడు. పనంతా దాన్ని తిరిగి రప్పించడమే. ఈ అధ్యాయంలో మిగతాదంతా దాని గురించే.

పాత ఇంజన్లకు ఈ పని కొంత సులువుగా ఉండేది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో, బండ్ల ఇంజన్లలో చాలావాటికి బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. రాగి రేకుల నడుమ ఆస్బెస్టాస్ పెట్టిన ప్యాకింగ్ మెత్తగా ఉండి, చిన్నా చితకా ఎత్తుపల్లాలను తనలో కలిపేసుకునేది. ఇనుమూ ఇనుమూ ఒకే తీరుగా వ్యాకోచిస్తాయి కాబట్టి నడుమ ఉన్న ప్యాకింగ్‌కు పక్కలకు లాగుడు తక్కువ. తర్వాత బరువు తగ్గాలని, వేడి త్వరగా పోవాలని హెడ్డుకు అల్యూమినియం వచ్చింది. బ్లాకు మాత్రం చాలా డీజిళ్లలో ఇనుముగానే ఉండిపోయింది.

ఒక డిగ్రీ వేడి పెరిగితే అల్యూమినియం మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది. పోత ఇనుము 11 మైక్రాన్లే. 40 సెంటీమీటర్ల పొడవున్న హెడ్డు 30 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు వేడెక్కితే 0.6 మి.మీ. పెరుగుతుంది, కింది బ్లాకు 0.3 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. బండి స్టార్ట్ చేసి వేడెక్కించి చల్లార్చిన ప్రతిసారీ హెడ్డు కొసలు ప్యాకింగ్ మీద ముందుకూ వెనక్కూ పాకుతాయి. పాత మెత్తటి ప్యాకింగ్ ఆ పాకుడుకు పొరలు పొరలుగా చిరిగిపోయేది. దానికి జవాబుగా వచ్చిందే ఎంఎల్ఎస్ (మల్టీ లేయర్ స్టీల్) ప్యాకింగ్. సన్నని స్ప్రింగు స్టీలు రేకులు మూడో నాలుగో ఒకదాని మీద ఒకటి పేర్చి, బోర్ల చుట్టూ సన్నని కట్టలాగా ఉబ్బెత్తు అచ్చు పోసి, పైన కొన్ని మైక్రాన్ల మందాన వేడికి ఓర్చే రబ్బరు పూత పూస్తారు. హెడ్డు లేచినప్పుడు ఆ ఉబ్బెత్తు స్ప్రింగులా పైకి లేస్తుంది, కూర్చున్నప్పుడు అణుగుతుంది. పాకుడు రేకుల మధ్య జారిపోతుంది కాబట్టి చిరుగు రాదు.

ఇంత తెలివైన రేకుకు ఒక బలహీనత ఉంది. పాత మెత్తటి ప్యాకింగ్ క్షమించిన గీతలనూ గుంటలనూ ఇది క్షమించదు. స్టీలుకు మెత్తదనం లేదు. పైన ఉన్న పూత కొన్ని మైక్రాన్లే, అంతకన్నా లోతైన గీత ఉంటే ఆ దారిన గ్యాసు పోతుంది. పాత అలవాట్లు కొత్త ప్యాకింగ్‌ను చంపేది ఇక్కడే.

హెడ్డు దించే ముందు, దించాల్సిన అవసరం నిజంగా ఉందా అని తేల్చుకోవాలి. వేడెక్కిన ప్రతి బండికీ ప్యాకింగ్ పోయి ఉండదు. రేడియేటర్ ఫ్యాన్ ఆగిపోయి ఉండొచ్చు. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. వాటర్ పంపు రెక్కలు అరిగి ఉండొచ్చు. ఆయిల్ మూత కింద పాల మీగడలాంటిది కనిపించగానే తీర్పు చెప్పేయడం కూడా తొందరపాటే. చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి వానాకాలంలో అక్కడ తేమ చేరుతుంది. ఆయిల్ కూలర్ పగిలినా నూనె, నీళ్లు కలుస్తాయి. సిలిండర్ల కంప్రెషన్ చూస్తే పక్కపక్కనున్న రెండింటిలో ఒకేసారి తగ్గిందేమో తెలుస్తుంది. అలా తగ్గితే ఆ రెండు బోర్ల నడుమ ప్యాకింగ్ కాలిందని అనుమానించవచ్చు.

నాకు ఎక్కువ నచ్చే పరీక్ష మాత్రం రసాయనంతో చేసేది. రేడియేటర్ నోటికి ఒక గాజు గొట్టం బిగించి, అందులో నీలి రంగు ద్రవం పోస్తారు. అందులో ఉండేది బ్రోమోథైమాల్ బ్లూ, జూనియర్ కాలేజీ ల్యాబుల్లో ఆమ్లక్షారాలు చూపించే సూచిక. ఇంజన్ నడుస్తుండగా నీళ్ల మీది గాలిని దాని గుండా బుడగలుగా లాగుతారు. మంట నుంచి వచ్చే గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉంటుంది. బయటి గాలిలో అది వెయ్యిలో సగం కూడా ఉండదు. మంట గ్యాసు నీళ్లలోకి దూరుతుంటే ఆ కార్బన్ డయాక్సైడ్ ద్రవంలో కరిగి కార్బానిక్ ఆమ్లమవుతుంది, నీలం పచ్చబడి చివరికి పసుపవుతుంది. ఒక్క బోల్టు విప్పకుండానే అసలు విషయం బయటపడుతుంది. ఈ కిట్టు ఖరీదు పెద్దదేమీ కాదు, అయినా చాలా షెడ్డుల్లో కనిపించదు.

గ్యాసు నీళ్లలోకి దూరితే ఏమవుతుందో తెలియాలంటే కొత్తకోట దగ్గరే ఉన్న సరళాసాగర్‌కు వెళ్లి రావచ్చు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి పేరు మీద కట్టించిన ఈ ప్రాజెక్టుకు 1949లో పునాది పడింది, 1959లో పని పూర్తయింది. దీని ప్రత్యేకత గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేని సైఫన్లు. చెరువు నిండి నీటిమట్టం ఒక గుర్తు దాటగానే, పారే నీరు సైఫన్‌లోని గాలిని తనతో లాక్కుపోతుంది. గాలి పోయిన చోట పారుదల నిండుగా అందుకుంటుంది. మట్టం దిగి, లోపలికి గాలి దూరే సందు తెరుచుకోగానే నీటి స్తంభం తెగి పారుదల దానంతట అదే ఆగిపోతుంది. అక్కడ గాలి దూరడం ఇంజనీరు కోరుకున్న పని. కారు కూలింగ్‌లో అదే పని విపత్తు. మంట గ్యాసు బుడగలు నీళ్ల దారిలో ఎత్తైన చోట చేరతాయి, వాటర్ పంపు రెక్కలు నీటికి బదులు నురుగును చిలుకుతాయి, ప్రవాహం తెగుతుంది. రేడియేటర్ బాగుంటుంది, ఫ్యాన్ తిరుగుతుంటుంది, నీళ్లూ ఉంటాయి, కానీ పారవు. పారని చోట లోహం మీద నీరు మరిగి ఆవిరి పొర కడుతుంది, అక్కడ వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఇప్పుడు బోల్టుల దగ్గరికి వద్దాం. నా లెక్కలో ఇంజన్‌లో అందరూ తక్కువగా చూసే భాగం హెడ్డు బోల్టు.

బోల్టు అంటే రెండు వస్తువులను కలిపే మేకు అనుకుంటాం. నిజానికి అది చాలా గట్టి స్ప్రింగు. 10 మి.మీ. మందం, బిగింపులో 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న బోల్టును బిగించినప్పుడు అది సుమారు 0.4 మి.మీ. సాగుతుంది. సాగిన ఆ కాస్తా తిరిగి పొట్టిగా కావాలని గుంజుతుంది. ఆ గుంజుడు ఒక్కో బోల్టుకు నాలుగున్నర టన్నులు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు పది బోల్టులు ఉంటే మొత్తం 45 టన్నులు. ప్యాకింగ్ మీద పడే నొక్కుడు అదే. ఐదున్నర టన్నుల మంటను ఆపడానికి ఇంత ఎందుకంటే, హెడ్డు లేచాక కూడా ఉబ్బెత్తుల మీద, నీళ్ల, ఆయిల్ రంధ్రాల చుట్టూ నొక్కుడు మిగలాలి.

ఆ 0.4 మి.మీ. సాగుదల సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది? పాత పద్ధతి టార్క్ రెంచ్. చెప్పినంత టార్క్ రాగానే 'టక్' మంటుంది. ఇబ్బంది ఏమిటంటే మనం పెట్టే శ్రమలో పదింట తొమ్మిది పాళ్లు రాపిడికే పోతాయి. సగం బోల్టు తల కింద, మిగతాది మరల్లో. సాగదీయడానికి దక్కేది పదో వంతు. మరల్లో తుప్పో, ఎండిన పాత గమ్మో ఉండి రాపిడి బాగా పెరిగితే, రెంచ్ అదే చోట 'టక్' మంటుంది కానీ నొక్కుడు మూడో వంతుకు పైగా తగ్గిపోవచ్చు. పది బోల్టులకూ ఒకే టార్క్ పెట్టినా పదీ పది రకాలుగా గుంజుతుంటాయి.

ఇంజనీర్లు దీనికి కనుక్కున్న ఉపాయం కోణం. ముందు చిన్న టార్క్‌తో బోల్టును తల ఆనేంతవరకు తెస్తారు. తర్వాత టార్క్‌ను పక్కన పెట్టి, 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు అని తిప్పుతారు. చుట్టుకు 1.5 మి.మీ. దిగే మరకు 90 డిగ్రీలంటే 0.375 మి.మీ. రాపిడి ఎంతున్నా మర దిగే దూరం మారదు. ఈ దూరాన్ని ఎంత పెట్టాలో కూడా ఆలోచించి పెడతారు. స్టీలు ఒక హద్దు దాకా స్ప్రింగులా సాగుతుంది, ఆ హద్దు దాటాక మరికొంత సాగినా గుంజుడు పెద్దగా పెరగదు. బోల్టును సరిగ్గా ఆ చదును మీదికి తెచ్చి ఆపితే, ఒక బోల్టు ఐదు డిగ్రీలు ఎక్కువ, ఇంకోటి ఐదు డిగ్రీలు తక్కువ తిరిగినా అన్నిటి గుంజుడూ దాదాపు ఒకటే అవుతుంది. దీనికి చెల్లించే మూల్యం, హద్దు దాటిన బోల్టు మళ్లీ పూర్తి పొట్టిగా కాదు. కంపెనీ పుస్తకం కొత్త బోల్టులు వేయమని రాస్తే అది సామాను అమ్ముకోవడానికి రాసింది కాదు. పాతవాటిని మళ్లీ వాడవచ్చని కొన్ని కంపెనీలు రాస్తాయి, అప్పుడు కూడా వెర్నియర్‌తో పొడవు కొలిచి, హద్దులో ఉన్నవే వాడమంటాయి.

వేడెక్కినప్పుడు ఈ స్ప్రింగులకు ఏమవుతుందన్నది అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం. అల్యూమినియం హెడ్డు ఎత్తులోనూ పెరుగుతుంది, స్టీలు బోల్టు దానంత పెరగదు. అందుకని వేడి ఇంజన్‌లో బోల్టు మరింత సాగి, నొక్కుడు చల్లటి ఇంజన్‌లో కన్నా ఎక్కువ ఉంటుంది. మామూలు వేడి వరకు ఇది మంచిదే. నీళ్లు ఖాళీ అయి హెడ్డు కొన్ని చోట్ల 200 డిగ్రీలు దాటిందనుకోండి, నొక్కుడు ఇంకా పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే అల్యూమినియం మెత్తబడుతుంది. బోల్టు తల కింద, బోర్ల చుట్టూ లోహం కాస్త అణిగిపోతుంది. నడుమ భాగం వ్యాకోచించాలని చూస్తుంది, బోల్టులు పోనివ్వవు, లోపల్లోపలే నలుగుతుంది. వేడి దిగాక అణిగింది తిరిగి లేవదు. బోల్టుకు సాగుదల తగ్గిపోతుంది, నొక్కుడు పడిపోతుంది, హెడ్డు విల్లులా వంగి ఉంటుంది. రోడ్డు మీద ఓవర్‌హీట్ అయిన బండి ఆ సాయంత్రం బాగానే నడిచి, మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేయగానే తెల్లపొగ వదలడానికి కారణం ఇదే. అందుకే నొక్కుడు పోయిన హెడ్డు కింద కొత్త రేకు మాత్రం పెట్టి అవే బోల్టులు బిగిస్తే ఏమీ మారదు.

పని మొదలయ్యాక మొదటి నియమం ఇంజన్ పూర్తిగా చల్లారడం. వేడి మీద బోల్టులు విప్పితే చదునుగా ఉన్న హెడ్డు కూడా వంగుతుంది. విప్పడం కొసల నుంచి నడుమకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా. బిగించేటప్పుడు నడుమ నుంచి కొసలకు. టైమింగ్ గుర్తులు లాక్ చేయకుండా చైనో బెల్టో విప్పితే ఆ తర్వాత వచ్చే కష్టాలు వేరే అధ్యాయం.

పాత ప్యాకింగ్‌ను చింపి డబ్బాలో పడేయకండి. అది సాక్ష్యం. రెండు బోర్ల నడుమ నల్లటి చార ఉంటే మంట అటు దాటింది. బోరు నుంచి నీళ్ల రంధ్రానికి తుప్పు రంగు గీత ఉంటే నీళ్లు లోపలికి వచ్చాయి. పిస్టన్లలో ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తళతళలాడుతుంటే నీళ్లు తాగిన సిలిండర్ అదే. చార ఎక్కడుందో అక్కడే హెడ్డు మీద, బ్లాకు మీద వెతకాలి.

శుభ్రం చేయడంలో చాలామంది చేసే పని గ్రైండర్‌కు గరుకు డిస్కు తగిలించి రుద్దడం. ఐదు నిమిషాల్లో అద్దంలా మెరుస్తుంది. ఆ డిస్కు అల్యూమినియంలో కంటికి కనిపించని గుంటలు తవ్వుతుంది, ఎంఎల్ఎస్‌కు ఆ గుంట చాలు. అంతకన్నా ప్రమాదం, డిస్కు నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి. వజ్రం తర్వాత గట్టి పదార్థాల్లో ఒకటైన ఆ పొడి ఆయిల్ దారిలోకి చేరితే బేరింగులను అరగదీస్తుంది. హెడ్డు బాగు చేయించుకున్న బండికి కొన్ని వేల కిలోమీటర్లకు క్రాంక్ బేరింగులు పోతే ఎవరూ ఈ రెండింటినీ కలిపి ఆలోచించరు. ప్లాస్టిక్ స్క్రేపర్, క్లీనర్ ద్రవం, ఓపిక, ఇవే మంచివి. బ్లాకులోని బోల్టు రంధ్రాల అడుగున నీళ్లో ఆయిలో మిగలకుండా గాలి కొట్టాలి. అక్కడ ద్రవం ఉండిపోతే, దిగుతున్న బోల్టు దాన్ని పిస్టన్‌లా నొక్కుతుంది. నీళ్లు నొక్కుడు పడవు కాబట్టి బ్లాకు పగులుతుంది.

తర్వాత చదును పరీక్ష. తిన్నని పట్టీని హెడ్డు మీద పొడవునా, అడ్డంగా, రెండు ఐమూలల నుంచీ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. చాలా కార్లకు హద్దు 0.05 మి.మీ. మనం రాసుకునే తెల్ల కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అంటే అందులో సగం. కంటితో చూసి 'బాగానే ఉంది' అనడానికి ఇక్కడ తావు లేదు. చదును పోయిందంటే ఫేసింగ్ చేయించాలి. దానికి మంచి మిషన్ దగ్గర్లో లేకపోతే మహబూబ్‌నగర్‌కో కర్నూలుకో పంపాలి. పంపినప్పుడు వేడి నీళ్లలో ముంచి గాలి ఒత్తిడి పెట్టి పగుళ్లు కూడా చూడమని చెప్పాలి. ఓవర్‌హీట్ బాగా అయిన హెడ్డుకు గట్టిదనం పరీక్ష కూడా అవసరం. మెత్తబడిన అల్యూమినియంను ఎంత చదును చేసినా అది మళ్లీ అణుగుతుంది. అందరూ మరిచిపోయేది బ్లాకు పైముఖం. ఇనుము కదా, దానికేమవుతుందని వదిలేస్తారు. పట్టీ దాని మీద కూడా పెట్టాలి.

ఫేసింగ్‌కు హద్దుంది. తీసిన ప్రతి పొరకూ హెడ్డు పిస్టన్‌కు దగ్గరవుతుంది. డీజిల్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు అంచు దాటి కొన్ని పదో వంతుల మిల్లీమీటరు పైకి లేచే ఇంజన్లు చాలా ఉన్నాయి. డయల్ గేజ్‌తో ఆ ఎత్తు కొలిచి, దానికి తగిన మందం ప్యాకింగ్ ఎంచుకోవాలి. ఒకే ఇంజన్‌కు రెండు మూడు మందాల్లో ప్యాకింగులు ఉంటాయి, అంచు మీది రంధ్రాలో గాట్లో వాటిని గుర్తుపట్టే ఆనవాలు. పాతదానికి ఎన్ని గాట్లున్నాయో చూడకుండా ఉన్నది తెచ్చి వేస్తే వాల్వు పిస్టన్‌కు తగలొచ్చు, లేదా స్టార్టింగ్ కష్టం కావచ్చు.

కొత్త ప్యాకింగ్ వేసేటప్పుడు దాని మీద గమ్ము రాయడం ఉస్తాద్‌ల చేతికి అంటిన అలవాటు. గ్రీజు రాసేవాళ్లూ ఉన్నారు. మెత్తటి కాగితం లాంటి ప్యాకింగుల కాలంలో దానికో అర్థం ఉండేది. ఎంఎల్ఎస్‌కు పూత కంపెనీ నుంచే వస్తుంది. దాని మీద గమ్ము రాస్తే రేకు జారుతుంది, ఉబ్బెత్తు నిండిపోతుంది, ఆయిల్ రంధ్రం మూసుకునే ప్రమాదమూ ఉంటుంది. పొడిగా, డోవెల్ పిన్నుల మీద, రాసి ఉన్న గుర్తు పైకి వచ్చేలా పెట్టాలి. కొన్ని మోడళ్లలో టైమింగ్ కవర్ కలిసే మూల దగ్గర చిన్న చుక్క సీలెంట్ పెట్టమని పుస్తకం చెబుతుంది, అక్కడ మాత్రమే. రేడియేటర్‌లో పోసే లీకేజీ మందుల గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పాలంటే, అవి కారిన సందుతో పాటు రేడియేటర్ సన్న గొట్టాలనూ మూస్తాయి. ఊరు చేరడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

ఇంతా చేసి, ఓవర్‌హీట్ అసలు ఎందుకైందో తేల్చకపోతే కొత్త ప్యాకింగ్ కూడా పాతదాని దారే పడుతుంది. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతంలో, చాలాసార్లు ఆ కారణం బోరుబావి నీళ్లే. ఈ రాతి నేల లోతుల్లోంచి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. గీజర్ రాడ్‌కు పట్టే తెల్ల పొలుసే వేడి ఇంజన్ లోపల, అన్నిటికన్నా వేడిగా ఉండే బోరు గోడల మీద, హెడ్డు దారుల్లో పడుతుంది. కాల్షియం కార్బొనేట్ వేడిని మోసే శక్తి పోత ఇనుముతో పోలిస్తే ఇరవై, పాతిక వంతుల్లో ఒక వంతు. ఒక మిల్లీమీటరు పొలుసు అంటే 20 మి.మీ. మించిన ఇనుప గోడ అదనంగా కట్టినంత అడ్డు. నీళ్లు తగ్గినప్పుడల్లా దాబా దగ్గర బాటిల్‌తో పోసుకుంటూ పోయిన బండిలో కూలెంట్‌లోని తుప్పు మందు పలుచబడుతుంది. ఇనుము, అల్యూమినియం, ఒక్కోసారి రాగి, అన్నీ ఉప్పు నీటిలో తగిలి ఉంటే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినబడుతుంది. హెడ్డు నీళ్ల రంధ్రాల చుట్టూ చెద తిన్నట్టు కనిపించే గుంటలు అవే. ఆ గుంట బోరు వైపు ఉబ్బెత్తు గీత దాకా పాకితే ఏ ప్యాకింగూ ఆపలేదు. డిస్టిల్డ్ వాటరూ, కంపెనీ చెప్పిన కూలెంటూ సగం సగం కలిపి పోయడానికి అయ్యే ఖర్చు హెడ్డు మరోసారి దించే ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. పైగా కూలెంట్‌లోని గ్లైకాల్ కలిసిన నీరు 100 డిగ్రీలకు మరగదు. రేడియేటర్ మూత ఒత్తిడితో కలిపి మరిగే స్థానం 125 డిగ్రీల చుట్టుపక్కలకు పోతుంది. ఆ మూతకున్న రబ్బరు ఎండిపోతే ఈ లాభమంతా పోతుంది, కాబట్టి ప్యాకింగ్‌తో పాటే మూతనూ మార్చేయడం మేలు. వాటర్ పంపు, థర్మోస్టాట్ అప్పటికే చేతికి అందేలా బయట ఉంటాయి, వాటినీ చూడాలి.

నింపేటప్పుడు గాలి బయటికి పోవాలి. గాలి తీసే స్క్రూ ఉంటే తెరిచి, హీటర్ నాబ్ వేడి వైపు పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకుని కింది హోసు వేడెక్కేదాకా మెల్లగా నడపాలి. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి. పాత ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉంటే, కాస్త తిప్పి మళ్లీ ఒకసారి మార్చడం మంచిది. పాత ఇంజన్లకు 500, 1,000 కిలోమీటర్ల తర్వాత హెడ్డు బోల్టులు మళ్లీ బిగించేవారు, మెత్తటి ప్యాకింగ్ అణిగేది కాబట్టి. కోణంతో బిగించిన ఎంఎల్ఎస్‌ను మళ్లీ తాకకూడదు, తాకితే బోల్టు తన చదును దాటి తెగే వైపు పోతుంది. బదులుగా వారం రోజులు, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మూత విప్పకుండా, కూలెంట్ డబ్బా మీది గీతను చూడాలి. మొదటి రెండు మూడు రోజులు మట్టం కాస్త దిగడం మామూలే, లోపల మిగిలిన గాలి బయటికి వచ్చిన చోట నీరు చేరుతుంది. ఆ తర్వాత కూడా దిగుతూ ఉంటే, లేదా రాత్రంతా చల్లారిన ఇంజన్ పైహోసు నొక్కితే పొద్దున కూడా గట్టిగా తగులుతుంటే, నీలి ద్రవం గాజు గొట్టం మళ్లీ బయటికి తీయాలి.